కట్టకు ముందు, కందకానికి తర్వాత

మట్టి పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి నేలను గట్టిపరచడం ఎప్పటినుంచో ఉన్న పని. నీళ్లు ఎంత చల్లాలో మేస్త్రీ చేతికే తెలిసేది. గుప్పెట్లో పిసికితే ముద్ద కట్టాలి, ఆ ముద్దను విరిస్తే పొడి కాకుండా ముక్కలవ్వాలి. ఆ చేతి అంచనాకు అంకె దొరకడానికి 1933 దాకా పట్టింది.

1928 మార్చి 12 అర్ధరాత్రికి కాస్త ముందు, లాస్ ఏంజెలిస్ కోసం నీరు నిల్వ చేసిన సెయింట్ ఫ్రాన్సిస్ డ్యామ్ కూలిపోయి నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. డ్యామ్ కాంక్రీటుదే, దాన్ని మోసిన నేలే నమ్మదగినది కాదు. పోయిన జలాశయానికి బదులుగా బోకే కాన్యన్‌లో ఈసారి మట్టికట్టలు కట్టారు. పోసిన మట్టి సరిగ్గా గట్టిపడిందో లేదో ఎలా తేల్చాలన్న ప్రశ్నకు ఆ నగర నీటి విభాగం ఇంజినీరు రాల్ఫ్ ప్రాక్టర్ 1933లో వరుస వ్యాసాల్లో జవాబు రాశారు.

ఆయన పేరుతో స్థిరపడిన పరీక్ష వంటింటి పనంత సులువు. లీటరుకు కాస్త తక్కువ పట్టే ఇనుప అచ్చులో మట్టిని మూడు పొరలుగా వేసి, రెండున్నర కిలోల సుత్తిని అడుగు ఎత్తు నుంచి పొరకు 25 సార్లు వదులుతారు. తూకం వేసి, తేమ కొంచెం పెంచి మళ్లీ చేస్తారు. పొడి మట్టిలో రేణువులు ఒకదానికొకటి అడ్డుపడతాయి. కాస్త తడి తగిలితే జారి సర్దుకుంటాయి. తడి ఎక్కువైతే రేణువులు చేరాల్సిన చోట నీరే నిలుస్తుంది, ఎంత కొట్టినా అది నలగదు. ఈ రెండింటి నడుమ మట్టి అత్యంత దట్టంగా కూర్చునే తేమ ఒకటుంటుంది. రెండో ప్రపంచయుద్ధంలో భారీ బాంబర్లు దిగే రన్‌వేలకు ఆ దెబ్బలు చాలక నాలుగున్నర కిలోల సుత్తి, ఐదు పొరలు వచ్చాయి. నేటికీ రెండు పరీక్షలూ వాడుకలో ఉన్నాయి.

పైపుల కోసం తవ్వే కందకం కథ వేరు. దాని శాస్త్రం ఇంకా పాతది. మార్టినిక్ దీవిలో కోట కట్టించిన ఫ్రెంచ్ సైనిక ఇంజినీరు కూలుంబ్, గోడ మీద మట్టి ఎంత బరువుతో ఒరుగుతుందో లెక్కగట్టిన వ్యాసం 1776లో అచ్చయింది. అయినా ఆ లెక్క గోడ కోసమే గానీ గుంతలో దిగిన మనిషి కోసం కాదు. అమెరికాలో వృత్తి భద్రత చట్టం 1970లో వచ్చింది, తవ్వకాల నిబంధనలు ఇప్పటి రూపానికి వచ్చింది 1989లో. రాతి నేల కాకపోతే ఐదడుగులు, ఆపైన లోతున్న కందకం గోడలకు వాలు గానీ దన్ను గానీ ఉండాలి. తవ్విన మట్టి అంచుకు కనీసం రెండడుగుల దూరంలో ఉండాలి. లోతు నాలుగడుగులు, ఆపైన ఉంటే పనివాడికి 25 అడుగుల లోపే నిచ్చెన అందాలి. అనుభవజ్ఞుడు రోజూ, వాన పడ్డాక మళ్లీ చూడాలి. కట్ట కూలితే ఊరు పోతుంది, కందకం కూలితే ఒకరిద్దరు పోతారు. ఈ ఆలస్యానికి అదీ ఒక కారణమని నా అనుమానం.

కొత్తగా తవ్విన బంకమట్టి గోడ నిట్టనిలువుగా నిలబడుతుంది, మోసమంతా అక్కడే. లోపలి తేమ కొన్ని గంటలపాటు రేణువులను పట్టి ఉంచుతుంది. ఎండకు బీటలు వారినా, వానకు నానినా ఆ పట్టు సడలి మట్టిపెళ్లలు విరిగిపడతాయి. ఘనమీటరు మట్టి బరువు సుమారు టన్నున్నర నుంచి రెండు టన్నులు. తల బయటే ఉన్నా, ఛాతీ దాకా కూరుకున్న మనిషి ఊపిరి వదిలిన ప్రతిసారీ మట్టి ఇంకాస్త బిగుస్తుంది.

రెండు కథలూ కలిసేది పూడ్చిన గుంతలో. పైపు వేశాక జానెడు మందాన పొరలు పొరలుగా మట్టి వేసి ఒక్కో పొరనూ దట్టించాలి. పొద్దుపోయిందని మొత్తం ఒకేసారి తోసేసి పైన రెండుసార్లు రోలర్ తిప్పితే పైపొర మాత్రమే గట్టిపడుతుంది. ఆ అమెరికా నిబంధనల్లోనే మరో మాట ఉంది: ఒకసారి తవ్వి కదిపిన నేలను, మట్టి నిలకడను బట్టి చేసిన తరగతుల్లో అత్యుత్తమమైనదానిలో లెక్కించకూడదు. ఏళ్ల తర్వాత పక్కనే ఇంకో పైపు కోసం దిగిన కూలీకి ఒకవైపు గోడగా నిలిచేది, ఆనాడు దట్టించకుండా వదిలేసిన ఆ మట్టే.