కొలాజ్‌లో నేచురల్ ఫ్రేమ్‌లు: అపోహలు - వాస్తవాలు

ఆల్బమ్ డిజైనింగ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లు పదేపదే అడుగుతున్నారని ఇవన్నీ ఒకచోట రాస్తున్నా. కొలాజ్ అంటే వేర్వేరు ఫోటోల ముక్కలు కలిపి ఒకే బొమ్మగా చేయడం. అందులో నేచురల్ ఫ్రేమ్ అంటే గుమ్మం, కిటికీ, గుహ ముఖం, వంగిన కొమ్మ, రాతి ఆర్చి, ఇలాంటివి, వాటిలోంచి దూరంగా ఉన్న ఊరో కొండో కనిపించాలి.

అపోహ: ఏ ఫ్రేమ్‌నైనా ఏ ఊరికైనా అతికించొచ్చు.

వాస్తవం: అస్సలు కుదరదండీ. అమెరికాలో ఉటాలో కాన్యన్‌ల్యాండ్స్ పార్కులో మేసా ఆర్చ్ అని ఉంది, అక్కడున్న మనవాళ్లు తెల్లారగట్లే వెళ్లి తీసిన ఫోటోలు ఆల్బమ్‌కి పంపిస్తుంటారు. సూర్యుడు లేస్తూనే ఆ ఆర్చి అడుగుభాగం నిప్పుకణికలా ఎర్రబడుతుంది, ఎందుకంటే కింద లోయగోడల మీద పడ్డ ఎండ తిరిగి పైకి కొడుతుంది. ఒకసారి నేను దాన్ని కట్ చేసి లోపల మనాలి మంచుకొండలు పెట్టా. రెండ్రోజులు కలర్ మార్చుకుంటూ కూర్చున్నా అతకలేదు, ఆ ఎరుపుకి కారణం ఫోటోలో ఎక్కడా లేదు మరి. చివరికి ఆ ఫ్యామిలీ మనాలి ఫోటోల్లోనే ఓ మూల దేవదారు కొమ్మ కనిపించింది, అది పెట్టగానే సరిపోయింది.

అపోహ: వెనకదంతా బ్లర్ చేస్తే దూరం వచ్చేస్తుంది.

వాస్తవం: దూరం చూపించేది గాలి. అరకు దారిలో కొండల వరస గమనించండి, దగ్గరది ఆకుపచ్చ, దాని వెనకది నీలం కలిసిన పచ్చ, ఆఖరిది ఆకాశంలో కలిసిపోయేంత లేత నీలం, అయినా దాని అంచు తెలుస్తూనే ఉంటుంది. మధ్యలో ఉన్న గాలి నీలం వెలుతురుని ఎక్కువ చెదరగొట్టడం వల్ల అలా అవుతుంది. అందుకే వెనక లేయర్‌లో (వెనక పెట్టిన ఫోటోలో) కాంట్రాస్ట్ తగ్గించి, బ్లాక్స్, అంటే బాగా నల్లగా ఉన్న చోట్లు, కాస్త పైకి లేపి, కొంచెం నీలం కలపండి. మసకని తీసేసే డీహేజ్ మాత్రం ముట్టుకోవద్దు, కొండ వచ్చి మీద కూర్చుంటుంది.

అపోహ: లోపలి సీన్ ఎంత పెద్దగా ఉంటే అంత అందం.

వాస్తవం: ఆగ్రాలో తాజ్‌మహల్ పెద్ద దర్వాజా దగ్గర వెనగ్గా నిలబడితే ఆర్చి నిండా తాజే కనిపిస్తుంది. ముందుకు నడుస్తుంటే ఆర్చి గబగబా పెద్దదవుతుంది, తాజ్ మాత్రం దాదాపు 300 మీటర్ల తోట అవతల ఉంది కాబట్టి పెద్దగా మారదు, దాంతో అది వెనక్కి జరిగిపోయినట్టు అనిపిస్తుంది. 12×36 అంగుళాల ఆల్బమ్ షీట్ మీద కూడా అంతే, తాజ్‌ని కదపకుండా ఆర్చిని పెంచి చూడండి, చూసేవాళ్లు గుమ్మంలో నిలబడి అవతలికి చూస్తున్నట్టు ఉంటుంది. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన క్షణం ఇదే.

అపోహ: ఫ్రేమ్ పూర్తిగా నల్లగా ఉండాలి.

వాస్తవం: బయట ఎండ మండిపోతుంటే ఓకే. మబ్బు రోజు ఫోటో అయితే రాతి గరుకు కొంచెమైనా కనపడనివ్వండి.

అపోహ: రెడీమేడ్ పీఎస్‌డీ (ఫోటోషాప్ ఫైల్) ఫ్రేమ్‌లు కొనుక్కుంటే చాలు.

వాస్తవం: వాటిలో వెలుతురు ఏవైపు నుంచి పడిందో మీ ఫోటోకి అరుదుగా కలుస్తుంది. టూర్‌కి వెళ్లేవాళ్లకి ముందే చెప్పండి, హోటల్ కిటికీ, గుడి గుమ్మం, దారిలో కొమ్మలు, ఎదుట మనుషులు లేకపోయినా సరే తీసి పెట్టమనండి, అదీ మిగతా ఫోటోలు తీసిన టైమ్‌లోనే.