చేతి స్ప్రెడర్ కొనేముందు: కొన్ని అపోహలు, వాస్తవాలు

గుళికల ఎరువు చల్లిన వారం పది రోజులకు పచ్చికలో ఒక చార ముదురాకుపచ్చగా, పక్క చార పాలిపోయి కనిపిస్తే చాలామంది ఎరువునే తిడతారు. తోటపని చేసేవాడిగా నేను ముందు స్ప్రెడర్‌ని, దాన్ని వాడిన తీరునీ చూస్తాను. స్ప్రెడర్ అంటే డబ్బాలో నింపిన గుళికలను హ్యాండిల్ తిప్పుతూ చల్లే చేతి పరికరం.

అపోహ: డబ్బా పెద్దదైతే పని సులువు.
వాస్తవం: బరువంతా మణికట్టు మీదే పడుతుంది. 3 కిలోలు నింపి తిప్పుతుంటే కాసేపటికే చెయ్యి వాలిపోతుంది. దాంతోపాటు కింద తిరిగే పళ్లెమూ వంగి, గుళికలన్నీ ఒకవైపే పడతాయి. పెరటికి లీటరు, లీటరున్నర డబ్బా చాలు.

అపోహ: డయల్ మీద అంకె పెట్టుకుంటే మోతాదు కుదిరినట్టే.
వాస్తవం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఆ అంకె చెప్పేది గేటు, అంటే డబ్బా అడుగున గుళికలు జారే దారికి ఉండే మూత, ఎంత తెరుచుకుందో మాత్రమే. మీ నడక, హ్యాండిల్ తిప్పే వేగం, గుళిక సైజు ఏది మారినా మోతాదు మారిపోతుంది. కాబట్టి ముందు 10 చదరపు మీటర్లు కొలవండి. ప్యాకెట్ మీద చదరపు మీటరుకు 20 గ్రాములని ఉంటే 200 గ్రాములు తూచి, సగం నిలువుగా నడుస్తూ, సగం అడ్డంగా నడుస్తూ చల్లండి. మొదటి 100 గ్రాములు సగం దూరానికే అయిపోతే గేటు తగ్గించాల్సిందే. గుళికలు మధ్యలో ఒత్తుగా, అంచుల్లో పలచగా పడతాయి కాబట్టి ఒక వరస అంచు మీదికి పక్క వరస కొంచెం రావాలి.

అపోహ: గడ్డి విత్తనం, ఎరువు కలిపి ఒకేసారి చల్లొచ్చు.
వాస్తవం: బరువైన గుళిక దూరం పోతుంది, తేలికైన విత్తనం దగ్గరే రాలుతుంది. విడివిడిగా చల్లండి.

అపోహ: ప్లాస్టిక్‌దే కదా, కడగక్కర్లేదు.
వాస్తవం: యూరియా గాలిలో తేమ పీల్చుకుని జిగురులా గేర్లకు పట్టేస్తుంది, స్ప్రింగులు, స్క్రూలు తుప్పు పడతాయి. కడిగి పూర్తిగా ఆరబెట్టండి. విప్పి కడిగే వీలున్నదే కొనండి.

కొనేటప్పుడు నేను అన్నిటికన్నా ముందు చూసేది గేటు. ఒకసారి పని మధ్యలో గేటు మూసి రెండు నిమిషాలు నిలబడి మాట్లాడాను. సన్నటి సందులోంచి గుళికలు కారుతూనే ఉన్నాయి. నాలుగు రోజులకు సరిగ్గా అక్కడే అరచేయంత గడ్డి మాడిపోయింది. గేటు మూసి, వేలితో నొక్కి చూడండి. కదిలితే వద్దు.