దెబ్బ తగలని కణాలు ఎందుకు చచ్చిపోతాయి?

జూన్ వచ్చిందంటే చిత్తూరు జిల్లా తోటల్లో తోతాపురి కోతలు జోరందుకుంటాయి. దోటికి అందని కాయ కోసం కొమ్మ చివరిదాకా పాకేవాళ్ళు ప్రతి తోటలోనూ ఉంటారు. కొమ్మ విరిగి మనిషి కింద పడితే చుట్టూ ఉన్నవాళ్ళు "వెన్నుపూస విరిగినట్టుంది" అంటారు. పూస అంటే ఎముక. అది అతుక్కుంటుంది. కాళ్ళు పడిపోయేది ఆ పూసల మధ్య సందులో దాగి ఉన్న వెన్నుపాము నలిగినప్పుడు. పొడవు సుమారు 45 సెంటీమీటర్లు, లావు చిటికెన వేలంత.

పడిన క్షణంలో చచ్చిపోయే కణాలు కొన్నే. ఆ తర్వాత గంటల్లో, రోజుల్లో, వారాల్లో ఇంకెన్నో చచ్చిపోతాయి. వాటిలో చాలావాటికి అసలు దెబ్బే తగలలేదు.

ఈ సంగతిని మొదట పసిగట్టినవాడు ఆల్ఫ్రెడ్ రెజినాల్డ్ ఆలెన్ అనే అమెరికన్ డాక్టరు. కుక్కల వెన్నుపాము మీద బరువులు పడేసి గాయం చేశాడు. ఈరోజు చదివితే మనసు ఒప్పని ప్రయోగమే. కొన్ని కుక్కలకు నలిగిన చోట చిన్న గాటు పెట్టి, లోపల చేరిన నెత్తురూ చెత్తా తీసేశాడు. గాటు పెట్టిన కుక్కలే బాగా కోలుకున్నాయి! అంటే దెబ్బ తర్వాత లోపల ఏదో విషం తయారవుతోందన్నమాట. 1911లో ఆ మాట రాసిన ఆలెన్, మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయాడు. ఆ విషమేమిటో తేలడానికి దశాబ్దాలు పట్టింది.

తేలిన వాటిలో ముఖ్యమైనది గ్లుటమేట్. ఇది విషం కాదు, ఒక నాడీకణం పక్కకణానికి కబురు పంపడానికి రోజూ వాడే పదార్థమే. చిటికెడు వదిలి, పని కాగానే వెనక్కి పీల్చేసుకుంటాయి కణాలు. గాయంలో రక్తనాళాలు చితికి ప్రాణవాయువు అందదు, పీల్చుకునే పంపులు ఆగిపోతాయి. చితికిన కణాల్లోని గ్లుటమేట్ అంతా బయటికి పొంగుతుంది. అది పక్కకణం తలుపులు బార్లా తెరిచేస్తుంది, కాల్షియం లోపలికి దూసుకుపోతుంది. మామూలుగా కణం బయట ఉన్న కాల్షియంలో పదివేలో వంతు మాత్రమే లోపల ఉంటుంది. ఆ కట్టడి పోతే కాల్‌పెయిన్ అనే ఎంజైమ్ లేచి కణం లోపలి దూలాలను కోసేస్తుంది. శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా కాల్షియంతో ఉబ్బి పగులుతుంది. ఆ కణం చచ్చి, తన గ్లుటమేట్‌ను పక్కదాని మీద పోస్తుంది. మన సీమలో గొలుసుకట్టు చెరువులు చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. 2021 నవంబరులో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు గండి భయం పట్టుకున్నప్పుడు కింది ఊళ్ళు ఖాళీ చేయించారు. గొలుసుకట్టులో పైకట్ట తెగితే నీళ్ళు కింది చెరువును కూడా తెంచుకుపోతాయి.

ఇక్కడ ఒక మాట. పడినవాణ్ణి ఒకరు చంకల కింద, ఒకరు కాళ్ళు పట్టుకుని ఎత్తి ట్రాలీలో పడుకోబెడతాం. నడుం ఉయ్యాలలా కిందికి జారుతుంది, కదిలే పూస మెత్తని వెన్నుపామును ఇంకోసారి నొక్కుతుంది. 108 వచ్చేదాకా కదపకుండా ఉంచడం మేలు. తప్పనిసరైతే నలుగురైదుగురు చేరి, తల, మెడ, నడుం ఒకే వరుసలో ఉంచి తలుపు చెక్క మీదికి దొర్లించాలి. లేపి కూర్చోబెట్టి నీళ్ళు తాగించడం అసలు వద్దు.

చావులన్నీ ఒకటి కావు. ఉబ్బి పగిలి చుట్టూ మంట రేపే చావు నెక్రోసిస్. కణం తనంతట తానే ముడుచుకుని, ముక్కలై, చప్పుడు లేకుండా పోయేది అపోప్టోసిస్. ఈ పేరు 1972లో పెట్టారు. చిందిన నెత్తురులోంచి బయటపడిన ఇనుము కణం పొరల్లోని కొవ్వును పాడుచేస్తే వచ్చే చావు ఫెరోప్టోసిస్. దీనికి 2012లో పేరొచ్చింది. ఒకే గాయంలో ఇవన్నీ కలిసి నడుస్తాయి.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆలిగోడెండ్రోసైట్ల కథ. నాడీతీగల మీద మైలిన్ అనే కొవ్వుపొర చుట్టే కణాలివి. ఒక్కో కణం పదుల తీగలకు తొడుగు వేస్తుంది. గాయం జరిగి వారాలయ్యాక కూడా, నలిగిన చోటికి బాగా దూరంలో ఇవి అపోప్టోసిస్‌తో రాలిపోతున్నాయని 1997లో ఎలుకల్లో, కోతుల్లో చూపించారు. ఒక్క కణం పోతే దాని మీద ఆధారపడ్డ తీగలన్నీ బోసిపోతాయి. తీగ తెగలేదు, బతికే ఉంది, కానీ కబురు సరిగా మోయలేదు. "మొదట్లో కాస్త కదిలించాడు, తర్వాత పోయింది, ఆస్పత్రిలో ఏదో చేసేశారు" అని ఇంటివాళ్ళు అనుమానించడం మామూలే. అన్నిసార్లూ అది ఆస్పత్రి తప్పు కాదు.

మరి ఈ చావులను ఆపే మందు లేదా? 1990లో మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ను 8 గంటల్లోపు ఇస్తే లాభమన్నారు, ప్రపంచమంతా వాడింది. లాభం చూస్తే కొంచెమే, ఇన్ఫెక్షన్లు, కడుపులో రక్తస్రావం మాత్రం నిజం. 2013లో అమెరికా న్యూరోసర్జన్లు వద్దన్నారు. ఇన్ని రకాల చావులున్నప్పుడు ఒక్క దారి మూస్తే ఏం లాభం?

అందుకే ఇప్పుడు నమ్ముతున్నవి మోటు పనులే. వీలైతే 24 గంటల్లోపు ఆపరేషన్ చేసి ఎముక ఒత్తిడి తీసేయడం. మొదటి కొన్ని రోజులు సగటు బీపీ పడిపోకుండా నిలపడం. ఐసీయూ మానిటర్ మీద బ్రాకెట్లలో కనిపించే అంకె అదే. వాచిన వెన్నుపాములోకి రక్తం ఎక్కాలంటే ఆ తోపు కావాలి.

ఇంత జరిగాక కూడా చాలామందిలో వెన్నుపాము నడిమధ్య బోలుగా మారుతుంది గానీ, అంచున సన్నని తెల్లని పట్టీ ఒకటి మిగులుతుంది. జంతువుల్లో పదోవంతు తీగలు మిగిలినా కొంత నడక తిరిగొచ్చింది. రాయవేలూరు ఆస్పత్రిలో ఫిజియోథెరపీ వాళ్ళు నెలల తరబడి కాళ్ళు ఆడిస్తుంటే "కదలని కాళ్ళకు ఇదంతా దేనికి" అని అడిగేవాళ్ళుంటారు. ఆ పట్టీలో మిగిలిన తీగలకు పని నేర్పడానికే.