నీళ్లకు డబ్బు చాలని వరద సినిమా

అమెరికన్ టీవీ కోసం చౌకలో తీసిన డ్యామ్ సినిమా ఒక్కటి చూస్తే చాలు, మిగతావి ఎలా ఉంటాయో చెప్పేయొచ్చు. కొండల మధ్య చిన్న ఊరు, ఊరికి ఎగువన డ్యామ్. అందులో ఏదో తేడా ఉందని పసిగట్టిన ఇంజినీరు ఒకడు, అతని మాట చెవిన పెట్టని మేయరు ఇంకొకడు. ఇంజినీరుకు విడిపోయిన భార్యో, మాట్లాడని కొడుకో తప్పకుండా ఉంటారు. గంటన్నర సినిమాలో గంటకు పైగా మీటింగులు, ఫోన్లు, గొడవలే. నీళ్లు కనిపించేది చివర్లో కాసేపు. అవి కూడా ఒక్కోసారి ఎక్కడెక్కడివో పాత వరద దృశ్యాలు తెచ్చి అతికించినవి.

వీటిని వెక్కిరించడం తేలికే. నేనూ వెక్కిరించాను. కానీ ఈ మూస ఎక్కడిదా అని వెనక్కి వెళ్లి చూస్తే, విసుగు పుట్టించే ఆ మీటింగుల గంటే నిజానికి దగ్గరగా ఉంది. ఉన్న డబ్బంతా పోసి తీసిన చివరి సన్నివేశంలోనే నిజం తక్కువ.

ఇదంతా 1889లో పెన్సిల్వేనియాలో మొదలైంది. జాన్స్‌టౌన్ ఒక ఉక్కు ఫ్యాక్టరీల ఊరు. దానికి సుమారు 14 మైళ్ల ఎగువన సౌత్ ఫోర్క్ అనే మట్టి డ్యామ్ ఉండేది. కాలువకు నీళ్లివ్వడానికి కట్టి, ఆ తర్వాత వదిలేసిన ఆ డ్యామ్‌ను పిట్స్‌బర్గ్ ధనవంతుల క్లబ్ ఒకటి కొనుక్కుంది. ఆండ్రూ కార్నెగీ, హెన్రీ క్లే ఫ్రిక్ లాంటి వాళ్లు అందులో సభ్యులు. నీళ్లు కిందికి వదిలే ఇనుప పైపులను అంతకు ముందున్న యజమాని ఊడబీకి తుక్కు కింద అమ్మేశాడు. క్లబ్ వాటిని మళ్లీ పెట్టలేదు. గుర్రపు బండ్లు సులువుగా పోయేలా కట్ట పైభాగాన్ని కొంత తగ్గించింది. ఇంకా ఘోరం, అలుగుకు అడ్డంగా జాలీలు బిగించింది. ఎందుకంటే, ఖర్చు పెట్టి తెచ్చి వదిలిన చేపలు కొట్టుకుపోకుండా!

తూము లేదు, కట్ట తగ్గింది, అలుగుకు అడ్డం పడింది. చెరువు కట్ట సంగతి కాస్త తెలిసినవాళ్లకు ఇక చెప్పాల్సిన పని లేదు.

చెప్పినవాళ్లు అప్పుడూ ఉన్నారు. జాన్స్‌టౌన్‌లోని కేంబ్రియా ఐరన్ కంపెనీ పెద్ద డేనియల్ మారెల్ 1880లో తన దగ్గర పనిచేసే ఇంజినీరు జాన్ ఫుల్టన్‌ను పంపి డ్యామ్‌ను చూసి రమ్మన్నాడు. నీళ్లు వదిలే దారి లేదని, పాత గండికి వేసిన మరమ్మతు సరిగా లేదని ఫుల్టన్ రాసిచ్చాడు. మా వల్ల మీకు గానీ మీ జనానికి గానీ ఏ ప్రమాదమూ లేదని క్లబ్ అధ్యక్షుడు బెంజమిన్ రఫ్ జవాబు పంపాడు. టీవీ సినిమాలో మేయరు చెప్పే డైలాగ్ దాదాపు ఇదే.

1889 మే 31న కుండపోత వాన. పొద్దున్నుంచీ కట్ట మీద కూలీలు తంటాలు పడ్డారు. రెండో అలుగు తవ్వబోయారు. జాలీలు పీకబోతే అవి చెత్తతో బిగుసుకుపోయి రాలేదు. టెలిగ్రాఫ్ ద్వారా కిందికి హెచ్చరికలు పంపారు. అయితే డ్యామ్ తెగుతోందన్న మాట ఆ ఊళ్లో ఏటా వినిపించేదే. నాన్నా పులి కథ అయిపోయింది. మధ్యాహ్నం మూడు దాటాక కట్ట తెగింది, దాదాపు గంటకు నీళ్లు ఊరిని చేరాయి. చనిపోయినవాళ్లు 2,209 మంది. క్లబ్ మీద వేసిన దావాలు ఒక్కటీ నెగ్గలేదు.

ఇంత విషాదం వినోదం కావడానికి ఎంతో కాలం పట్టలేదు. 20వ శతాబ్దం మొదట్లోనే న్యూయార్క్ కోనీ ఐలండ్‌లో జాన్స్‌టౌన్ వరదను టికెట్ పెట్టి ప్రదర్శించారు. 1926లో ఫాక్స్ సంస్థ దాన్నే మూకీ సినిమాగా తీసింది.

ఆ తర్వాత రెండేళ్లకు సినిమాల ఊరికి పక్కనే అలాంటిది జరిగింది. లాస్ ఏంజెలిస్‌కు నీళ్లు తెచ్చిన ఇంజినీరుగా పేరుపొందిన విలియం మల్‌హాలండ్ కట్టించిన సెయింట్ ఫ్రాన్సిస్ డ్యామ్ 1928 మార్చి 12 రాత్రి 11:57కు కూలిపోయింది. కనీసం 431 మంది పోయారు. అదే రోజు పొద్దున డ్యామ్ కాపలాదారు ఒక ఊటలో బురద రంగు చూసి కబురు పెట్టాడు. మట్టి డ్యామ్ అయినా, కాంక్రీటు డ్యామ్ అయినా భయపడాల్సింది అక్కడే. తేట నీరు కారితే డ్యామ్ ఊరుతోందని అర్థం. బురద నీరు కారితే లోపలి మట్టి కొట్టుకొస్తోందని, బుంగ పడుతోందని అర్థం. మల్‌హాలండ్ స్వయంగా వచ్చి చూశాడు. ఊట తేటగానే ఉందని, కిందికి పారుతూ పక్కనున్న కొత్త రోడ్డు మట్టి కలిసి రంగు మారిందని తేల్చి వెళ్లిపోయాడు. పన్నెండు గంటలు తిరిగేసరికి డ్యామ్ లేదు. విచారణలో ఆయన వేరెవరినీ తప్పు పట్టవద్దని చెప్పాడు. మానవ తప్పిదం జరిగి ఉంటే ఆ మానవుణ్ణి నేనే అన్నాడు. ఏ టీవీ సినిమా మేయరు నోటా ఇంత మంచి మాట నేను వినలేదు.

ఇక టీవీ సంగతి. 1963 డిసెంబరు 14న లాస్ ఏంజెలిస్‌లోనే బాల్డ్విన్ హిల్స్ రిజర్వాయర్ కట్టలో పగులు వచ్చింది. కాపలాదారు పొద్దున పదకొండు దాటాక నీటి చప్పుడు గమనించడంతో కొన్ని గంటల వ్యవధి దొరికింది. పోలీసులు వీధివీధీ తిరిగి జనాన్ని ఖాళీ చేయించారు. కేటీఎల్ఏ అనే స్థానిక చానల్ తన హెలికాప్టర్ కెమెరాతో ఆ కట్ట తెగడాన్ని ప్రత్యక్షంగా చూపించింది. ఐదుగురు చనిపోయారు. హెచ్చరిక లేకపోతే ఎంతమంది పోయేవారో. డ్యామ్ తెగడం అంటే ఇలా ఉంటుందని జనం ఇంట్లో కూర్చుని చూశారు. ఇది జరిగిన మరుసటి ఏడాదే, 1964లో, టీవీ కోసమే తీసిన మొదటి పూర్తి నిడివి సినిమా ఎన్‌బీసీ చానల్‌లో వచ్చింది.

1971 ఫిబ్రవరి 9న శాన్ ఫెర్నాండో భూకంపం. దిగువ వాన్ నార్మన్ డ్యామ్ పైభాగం జారిపోయి, నీటి మట్టానికి పైన కొద్ది అడుగుల కట్టే మిగిలింది. 80 వేల మందిని ఖాళీ చేయించారు. ఈ భయాన్నే 1974లో 'ఎర్త్‌క్వేక్' సినిమా తెరకెక్కించింది. అందులో తెగేది హాలీవుడ్ పైనున్న మల్‌హాలండ్ డ్యామ్, అంటే సెయింట్ ఫ్రాన్సిస్‌కు అన్నలాంటిది. 1928 తర్వాత కింద ఇళ్లలో ఉండేవాళ్ల భయం పోగొట్టడానికి దాని ముందు భాగాన్ని మట్టితో కప్పి చెట్లు పెంచారు.

ఈలోగా 1972 ఫిబ్రవరిలో వెస్ట్ వర్జీనియాలోని బఫెలో క్రీక్ దగ్గర బొగ్గు గని వ్యర్థాల కట్ట తెగి 125 మంది పోయారు. కంపెనీ దాన్ని దైవ ఘటన అంది.

ఆ తర్వాతది టెటన్. 1976 జూన్ 5, ఐడహో. కేంద్ర ప్రభుత్వ సంస్థ కట్టిన 305 అడుగుల ఎత్తు మట్టి డ్యామ్, మొదటిసారి నిండుతోంది. పొద్దున ఏడు గంటల ప్రాంతంలో బురద ఊట కనిపించింది. బుంగ పూడ్చడానికి బుల్డోజర్లు పంపితే అవే బుంగలో పడిపోయాయి. డ్రైవర్లు ప్రాణాలతో బయటపడ్డారు. 11:57కు, ఈసారి పట్టపగలు, కట్ట కూలింది. కెమెరాలు అక్కడే ఉన్నాయి. నీళ్లు వేగంగా వదలాల్సిన ప్రధాన మార్గం అప్పటికి పూర్తి కాలేదు. సౌత్ ఫోర్క్‌లో పైపులు పీకేశారు, ఇక్కడ ఇంకా పెట్టలేదు. ముందే ఖాళీ చేయించడంతో వేల మంది బతికారు, 11 మంది చనిపోయారు.

సరిగ్గా ఆ ఏడాదే, నవంబరు 24న, ఎన్‌బీసీలో ఇర్విన్ అలెన్ నిర్మించిన 'ఫ్లడ్!' ప్రసారమైంది. 'ద పొసైడన్ అడ్వెంచర్', 'ద టవరింగ్ ఇన్ఫెర్నో' తీసి పెద్ద తెర మీద విపత్తులకు గిరాకీ తెచ్చింది ఆయనే. ఇప్పుడు అదే సరుకును చిన్న తెరకు చిన్న ఖర్చులో తెచ్చాడు. ఓరెగన్‌లోని ఓ చిన్న ఊరు, పొంగుతున్న సరస్సు. నీళ్లు వదిలేద్దామంటే ఊరి పెద్దలు ఒప్పుకోరు. కారణం, చేపల వేట సీజన్, దాని మీద వచ్చే టూరిస్టుల డబ్బు. ముందటి ఏడాది సొరచేప సినిమా 'జాస్'లో బీచ్ మూయనన్న మేయరు ఇక్కడికి బదిలీ అయ్యాడని ఎవరైనా అంటారు. అది నిజమే కానీ, చేపలు మాత్రం సౌత్ ఫోర్క్ జాలీల దగ్గర నుంచి ఈదుకుంటూ వచ్చాయి.

ఇంతకీ ఈ సినిమాల్లో నీళ్లెందుకు తక్కువ? ఇళ్లను, కార్లను, వంతెనలను బొమ్మలుగా చేసి నమ్మించొచ్చు. నీటిని బొమ్మ చేయలేం. చుక్క ఎప్పుడూ చుక్కంతే ఉంటుంది. డ్యామ్‌ను పదహారో వంతుకు తగ్గించి కడితే, పై నుంచి పడే నీరు కింద చేరడానికి పట్టే టైమ్ నాలుగో వంతే. కాబట్టి కెమెరా నాలుగు రెట్లు వేగంగా తిప్పి, మామూలు వేగంతో చూపించాలి. అయినా అంతంత లావు చుక్కలు కనిపించి గుట్టు రట్టవుతుంది. చుక్క చిన్నగా కనిపించాలంటే డ్యామ్ బొమ్మను పెద్దది చేయాలి. అప్పుడు ట్యాంకులు, పంపులు, స్థలం అన్నీ పెద్దవే. షాట్ చెడితే సెట్ అంతా మళ్లీ కట్టాలి. రెండు మూడు వారాల్లో షూటింగ్ ముగించే టీవీ వాళ్లకు ఇది తలకు మించిన పని. మాటలకైతే ఒక గది, ఒక బల్ల, నలుగురు నటులు చాలు. అందుకే ఇంజినీరు అంతసేపు బతిమాలుతాడు.

1998లో స్పెయిన్ సంస్థ ఒకటి నీటిని కంప్యూటర్‌లోనే పుట్టించే రియల్‌ఫ్లో అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. మరుసటి ఏడాది కంప్యూటర్ గ్రాఫిక్స్ పరిశోధకుడు జాస్ స్టామ్ ప్రవాహాలను కంప్యూటర్ మీద తేలిగ్గా లెక్కగట్టే పద్ధతి ప్రచురించాడు. అలా నీళ్లు క్రమంగా చౌకయ్యాయి. చౌక నీళ్లు చూడటానికి చౌకగానే ఉన్నాయి, అది వేరే విషయం. అసలు నష్టం ఏమిటంటే, నీళ్లు చేతికందాక డ్యామ్ తెగే తీరు మరీ ఆర్భాటమైపోయింది. నిలువెత్తు కాంక్రీటు గోడ, మెరుపులా పాకే పగులు, వీలైతే ఒక బాంబు. అమెరికాలో డ్యాములు చాలా వరకు మట్టివి. తెగినవాటిలో సుమారు మూడో వంతు అలుగు చాలక నీళ్లు కట్ట మీదుగా పొర్లి తెగినవే. మిగతావాటిలో పునాది లోపాలు, బుంగలు ఎక్కువ. పునాది గురించి సినిమా తీయమంటే ఏ నిర్మాత ముందుకొస్తాడు?

మిషిగన్‌లోని ఈడెన్‌విల్ డ్యామ్ కథ మాత్రం టీవీ సినిమా స్క్రిప్టు చదివి నడుచుకున్నట్టే ఉంటుంది. పెద్ద వరద వస్తే అలుగు సామర్థ్యం చాలదని కేంద్ర నియంత్రణ సంస్థ ఏళ్ల తరబడి చెప్పి, చెప్పి, 2018లో విద్యుత్ లైసెన్సు రద్దు చేసింది. డ్యామ్ రాష్ట్రం పర్యవేక్షణలోకి వెళ్లింది. 2020 ఏప్రిల్ చివర్లో రాష్ట్రం యజమాని మీద కోర్టుకెక్కింది. ఫిర్యాదు అలుగు గురించి కాదు. అనుమతి లేకుండా సరస్సు నీటి మట్టం తగ్గించడంతో మంచినీటి ఆల్చిప్పలు చచ్చిపోయాయని. చేపలు అయిపోయాయి, ఇప్పుడు ఆల్చిప్పలు.

మూడు వారాలు గడవకముందే, మే 19న, డ్యామ్ తెగింది. సుమారు పది వేల మందిని ముందే ఖాళీ చేయించడంతో ఎవరూ చనిపోలేదు. దగ్గర్లో ఉన్న ఒకరు ఫోన్‌లో తీసిన వీడియో ఉంది. అందులో నీళ్లు ఇంకా కట్ట మీదుగా పొర్లడం లేదు. పగులు లేదు, పేలుడు లేదు. పచ్చగా గడ్డి మొలిచిన ఏటవాలు కట్ట ఉన్నట్టుండి మెత్తబడి, కూర్చున్నట్టుగా కిందికి జారుతుంది. ఒక్క క్షణం దాని వెనక ఆకాశమే కనిపిస్తుంది. నీళ్లు ఆ తర్వాత వస్తాయి.