గుండె కండరంలో తూములు

ఒక పాఠకురాలు అడిగారు: "మా నాన్నగారికి గుండెనొప్పికి నికోరాండిల్ రాశారండీ. అది పొటాషియం చానల్ మందట. మరి అరటిపళ్లు, కొబ్బరినీళ్లు ఎక్కువగా ఇవ్వాలా?"

అక్కర్లేదమ్మా. ఆ మాత్రలో పొటాషియం లేదు. పైగా కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు "సహజమైనదే కదా" అని రోజూ కొబ్బరినీళ్లు పట్టిస్తే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పవచ్చు. ఈ నమ్మకం మన ఇళ్లల్లోంచి పోవాలి.

నికోరాండిల్ చేసేది కణంలో ముందునుంచీ ఉన్న పొటాషియానికి దారి తెరవడం. కణం లోపల లీటరుకు దాదాపు 140 మిల్లీమోల్‌ల పొటాషియం ఉంటే బయట 4 మాత్రమే. నిండు చెరువు, కట్ట అవతల పల్లపు పొలం! తూము, అంటే పొటాషియం చానల్, మూత లేస్తే చాలు, తోడే పని లేదు. ఆ మూతను నొక్కి ఉంచేది ఏటీపీ, అంటే కణం ఖర్చు పెట్టుకునే శక్తి. రక్తం అందక ఏటీపీ తగ్గితే మూత దానంతటదే లేస్తుంది. గుండె కణాల్లో ఈ తూమును 1983లో జపాన్ శాస్త్రవేత్త అకినోరి నోమా చూపించారు. అయితే చెరువేమీ ఖాళీ కాదు. బయటికి పోయే పొటాషియం అత్యల్పం, మారేది విద్యుత్తు. ధనావేశం పోయేకొద్దీ కణం లోపల రుణావేశం పెరుగుతుంది, అప్పుడు కాల్షియం ద్వారాలు తెరుచుకోవు. కాల్షియం రాకపోతే కండరం బిగుసుకోదు. రక్తనాళం గోడ సడలి నాళం వెడల్పవుతుంది. గుండె కండరమైతే పని తగ్గించుకుని, మిగిలిన ఏటీపీని దాచుకుంటుంది. ఎంత తెలివైన ఏర్పాటు!

గుండెలో ఈ తూము నాలుగు కిర్6.2, నాలుగు సర్2ఎ ప్రొటీన్ల కూర్పు. నాళాల్లో కిర్6.1, సర్2బి. నికోరాండిల్ సర్ భాగాన్ని పట్టుకుని, ఏటీపీ ఉన్నా మూత లేపుతుంది. దానిలోనే ఉన్న నైట్రేటు భాగం సిరలనూ సడలిస్తుంది. జుట్టుకు రాసుకునే మినాక్సిడిల్ కూడా మొదట బీపీ మందే, తెరిచేది ఈ తూములనే.

1986లో ముర్రీ, జెన్నింగ్స్, రైమర్ అనే శాస్త్రవేత్తలు కుక్కల గుండె ధమనిని ఐదేసి నిమిషాల చొప్పున నాలుగుసార్లు మూసి తెరిచి, ఆ తర్వాత 40 నిమిషాలు మూశారు. ఇలా ముందుగా మూసి తెరవని కుక్కలతో పోలిస్తే చచ్చిన కండరం నాలుగో వంతే! ఆ రక్షణలో ఈ తూములకు వాటా ఉందని తర్వాతి ప్రయోగాలు తేల్చాయి. మనుషుల్లో ఫలితం ఇంత నాటకీయంగా లేదు. బ్రిటన్‌లో 5,126 మంది గుండెనొప్పి రోగులపై జరిగి 2002లో వెలువడిన అయోనా అనే నికోరాండిల్ పరీక్షలో గుండెజబ్బు మరణాలు, గుండెపోట్లు, ఛాతీనొప్పితో హఠాత్తుగా ఆసుపత్రిలో చేరడాలు, అన్నీ కలిపి ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 15.5 శాతం, నికోరాండిల్ వేసుకున్నవాళ్లలో 13.1 శాతం. మరణాలు, గుండెపోట్లు మాత్రమే లెక్కిస్తే తేడా గట్టిగా నిలవలేదు.

నాన్నగారికి షుగరు కూడా ఉందా? పాత షుగరు మాత్ర గ్లైబెన్‌క్లమైడ్ క్లోమంలోని ఇలాంటి తూములను మూసి ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది, గుండెలోని తూములనూ మూయగలదు. గ్లిక్లజైడ్ ఎక్కువగా క్లోమానికే పరిమితం. అందుకే గుండె డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు షుగరు మాత్రల చీటీ కూడా తీసుకెళ్లండి.