స్కాన్లు ఆగితే తప్ప గుర్తుకు రాని రియాక్టర్లు

గుండెకు రక్తం సరిగ్గా అందుతోందా, క్యాన్సర్ ఎముకలకు పాకిందా అని చూసే న్యూక్లియర్ స్కాన్లలో ఎక్కువ భాగం టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థంతోనే చేస్తారు. దాని అర్ధాయువు, అంటే సగం క్షీణించడానికి పట్టే సమయం, 6 గంటలు. అందుకే ఆసుపత్రికి అణు రియాక్టర్లలో తయారయ్యే మాలిబ్డినం-99 నింపిన జనరేటర్ అనే పరికరం వస్తుంది. మాలిబ్డినం క్షీణిస్తూ టెక్నీషియంగా మారుతుంటే, ఆవు పాలు పితికినట్టు రోజూ సెలైన్‌తో దాన్ని తీసుకుంటారు. 1950ల చివర్లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల కనిపెట్టిన పద్ధతి ఇది. అయితే మాలిబ్డినం అర్ధాయువు కూడా 66 గంటలే. వారం తిరిగేసరికి ఆరో వంతు మిగులుతుంది. ముందే కొని దాచుకుందామంటే కుదరదు.

ఇలాంటి సరుకులో ప్రపంచ అవసరాలకు సుమారు మూడో వంతును కెనడాలోని చాక్ రివర్‌లో 1957లో మొదలైన ఒకే రియాక్టర్, ఎన్‌ఆర్‌యూ, అందించేది. 2007 నవంబరులో నిర్వహణ పనులకు ఆపిన దాన్ని భద్రతా లోపం బయటపడటంతో మళ్లీ నడపలేదు. స్కాన్లు వాయిదా పడ్డాయి, టెన్షన్ పెరిగింది. అణుభద్రత నియంత్రణ సంస్థ వద్దంటున్నా డిసెంబరులో పార్లమెంటు హడావిడిగా చట్టం చేసి మరీ దాన్ని నడిపించింది. మరుసటి నెలే ఆ సంస్థ అధ్యక్షురాలు లిండా కీన్ పదవి పోయింది. నిప్పు ఉందని చెప్పినవాళ్లనే బయటికి పంపడమంటే ఇదే. ఈ పాత రియాక్టర్ స్థానంలోకి రావాల్సిన, మేపుల్ అనే రెండు కొత్త రియాక్టర్లు కట్టడం పూర్తయినా లెక్కల ప్రకారం ప్రవర్తించలేదు. 2008లో వాటిని వదిలేశారు. 2009 మేలో ఎన్‌ఆర్‌యూలో భారజలం కారి, 15 నెలలు మూతపడింది. అదే సమయంలో నెదర్లాండ్స్‌లోని పెట్టెన్ రియాక్టర్ కూడా మరమ్మతుకు ఆగడంతో కొరత ఇంకా ముదిరింది.

నా దృష్టిలో అసలు లోపం యంత్రాల వయసు ఒక్కటే కాదు. ప్రభుత్వాలు పరిశోధన కోసం కట్టిన రియాక్టర్లలో మాలిబ్డినం-99 లాంటి వైద్య ఐసోటోపులు పక్కపనిగా తయారయ్యాయి. అందుకే చవగ్గా వచ్చాయి. ఆ ధరకు కొత్త రియాక్టర్ కట్టడం ఎవరికీ గిట్టుబాటు కాలేదు.

మన దగ్గరా దాదాపు ఇదే దారి. ట్రాంబేలో 1956లో అప్సర, 1960లో కెనడా సాయంతో సైరస్, 1985లో ధ్రువ రియాక్టర్లు వచ్చాయి. ఐసోటోపుల సరఫరాకు 1989లో బ్రిట్ అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. సైరస్ 2010 చివర్లో మూతపడ్డాక భారమంతా ప్రధానంగా ధ్రువ మీదే పడింది. థైరాయిడ్ చికిత్సకు వాడే అయోడిన్-131 అక్కడ తయారవుతుంది. మామూలు మాలిబ్డినానికి న్యూట్రాన్లు తగిలించి మాలిబ్డినం-99 కూడా తీస్తారు కానీ అందులో గాఢత తక్కువ. చిన్న జనరేటర్‌లో ఇమిడే బలమైన రకం కావాలంటే యురేనియం విచ్ఛిత్తి నుంచి వేరుచేయాలి. దానికోసం చాలాకాలం దిగుమతుల వైపే చూడాల్సి వచ్చింది.

2020 మేలో కేంద్రం ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యంలో వైద్య ఐసోటోపుల కోసమే ఒక రియాక్టర్ కడతామని ప్రకటించింది. అంటే ఐసోటోపు ఇక పక్కపని కాదు, అదే వ్యాపారం. పెట్టుబడి మొత్తం దాని ధరలోంచే రావాలంటే జనరేటర్ ఖరీదు పెరగక తప్పదు. పేద రోగి మీద ఆ భారం వేయకూడదనుకుంటే, తేడాను ఖజానా భరించాలి.