భీమిలికి పోయే పిల్లలకు తాడిపత్రి తాత రాసే ఉత్తరం

పెద్దోడా, పాపా, మీతోపాటు రైలెక్కే మీ క్లాసు పిల్లలారా,

దసరా సెలవుల్లో మీ స్కూలువాళ్ళు భీమిలికి తీసుకపోతున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వెనకనుంచి పాప అరిచింది కూడా వినపడింది: "తాతా, ఆడ రిసార్టులు తప్ప ఇంకేముంది?" అని. ఫోన్లో చెప్పబోతే ఐదు నిమిషాలకు మీకు ఆట గుర్తొస్తుంది. అందుకే కాగితం పట్టుకున్నా. రైల్లో ఎట్లాగూ రాత్రంతా ఊరికే కూచుంటారు, అప్పుడు చదవండి.

నేను ఆ ఊరికి టూరిస్టుగా పోలేదు. బండలు పరిచే మేస్త్రిగా పోయినా. మన తాడిపత్రి, కొలిమిగుండ్ల పక్క తీసిన నాపబండలు లారీల్లో విశాఖపట్నం దాకా పోయేవి. బండల వెంట పరిచేవాళ్ళం మేమూ పోయేవాళ్ళం. మొదటిసారి పోయినప్పుడు సముద్రం చూసి నాకు కలిగింది ఆశ్చర్యం కాదు, కోపం. ఇన్ని నీళ్ళు ఒకచోట పడుండాయి, మా ఊర్లో బిందె కోసం కొట్లాట అని. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. ఆడ వెయ్యికి పైన. ఆ కోపం తగ్గడానికి నాలుగు రోజులు పట్టింది.

ముందు ఊరెక్కడుందో చెప్తా. అసలు పేరు భీమునిపట్నం. భీముడు ఆ పక్క తిరిగినాడని, నరసింహస్వామిని ఆయనే ప్రతిష్ఠించినాడని ఆడివాళ్ళు చెప్తారు. అందరూ పిలిచేది భీమిలి అనే. విశాఖ నుంచి ఉత్తరంగా సముద్రం పక్కనే రోడ్డు పోతుంది. ఎడమపక్క కొండలు, కుడిపక్క నీళ్ళు. తూర్పుకనుమలు ఆ ముక్కలో సముద్రానికి చానా దగ్గరగా వచ్చేసినాయి. కొన్నిచోట్ల కొండ కాలు తీసి నీళ్ళలో పెట్టినట్టే ఉంటుంది. ఆ కొండరాయి మన రాయి మాదిరి కాదు. మన నాపరాయి దోసెల దొంతర లెక్క, ఉలి పెట్టి తడితే పొర పొరగా లేస్తుంది. ఆడిది ఖొండలైటు. కొండల్లో ఉండే ఖోందు జనం పేరు మీదనే దానికా పేరు పెట్టినారు. ఎండకు వానకు మెత్తబడి ఎర్రగా రాలిపోతా ఉంటుంది. మేస్త్రికి ఆ రాయి మీద అంత గౌరవం ఉండదు. కానీ రెండువేల ఏండ్ల కిందట బౌద్ధ భిక్షువులు ఆ రాయిలోనే చేసిన పని చూసినాక నా నోరు మూతపడింది.

దారిలో తొట్లకొండ వస్తుంది, ఎక్కించమని మీ సార్లను అడగండి. కొండ మీద రాతిలోనే తొట్లు తొలిచినారు, వానాకాలంలో పడిన నీళ్ళు పట్టుకునేదానికి. అందుకే ఆ పేరు. పక్కన బావికొండ, అది బావుల పేరు. భీమిలి ఊరి వెనక పావురాళ్ళకొండ, దాని మీదా అట్లాంటి తొట్లే. ఎదురుగా అంత సముద్రం పెట్టుకుని, తాగేదానికి పనికిరాదని తెలిసి, ఆకాశం నుంచి పడే చుక్కను కొండ మీద దాచుకున్నారు చూడు. నేను ఆ తొట్టి అంచు మీద కూచుని బీడీ కాల్చుకుంటా (ఇది మీరు చదవొద్దు) అనుకున్నా, వీళ్ళు మన సీమవాళ్ళే అయ్యుంటారని. తొట్లకొండ ఈ కాలంవాళ్ళ కంట పడింది 1976లో, నేవీవాళ్ళు విమానంలో పైనుంచి సర్వే చేస్తున్నప్పుడు. తర్వాత తవ్వితే శాతవాహనుల సీసం నాణేలు, రోమ్ దేశపు వెండి నాణేలు దొరికినాయి. రోమ్ నాణెం ఆ కొండెక్కిందంటే, కింద తీరంలో పడవల వ్యాపారం అప్పటికే ఉన్నట్టే కదా.

ఇప్పుడు నదికి వస్తా. భీమిలి దగ్గర సముద్రంలో కలిసే నది గోస్తనీ. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా వచ్చి, తాటిపూడి జలాశయంలో ఆగి విశాఖకు తాగునీళ్ళు ఇచ్చి, మిగిలింది భీమిలికి తెస్తుంది. గోస్తనీ అంటే ఆవు పొదుగు. బొర్రా గుహల్లో పైనుంచి వేలాడే సున్నపురాయి ఒకటి ఆవు పొదుగు మాదిరి ఉంటుందని, దాన్నుంచే నది పుట్టిందని కథ.

బొర్రా అనంగానే మీకు బెలుం గుర్తు రావాల. పోయినేడు మనం పోయినాం కదా, పాప చీకట్లో ఏడ్చింది. బెలుం గుహలు మనకు కూతవేటు దూరంలో, కొలిమిగుండ్ల దగ్గర. పొడవు 3,229 మీటర్లు. ఆ రెండు గుహలూ ఒకే పద్ధతిలో పుట్టినాయి. ఎట్లంటే, మీ అవ్వ వంటింటి బండ మీద నిమ్మకాయ పిండినచోట పాలిష్ పోయి తెల్ల మచ్చ పడింది చూసినారు గదా? ఎంత రుద్దినా పోదు. పులుపు సున్నపురాయిని తింటుంది. వాననీళ్ళు గాలిలోంచి, మట్టిలోంచి పోతా కొంచెం పులుపెక్కుతాయి. నిమ్మరసం అంత కాదులే, చానా తక్కువ. కానీ దానికి తొందర లేదు. పగులులో దూరి, లక్షల ఏండ్లు తిని తిని, ఆఖరికి మనిషి నడిచేంత సొరంగం చేస్తుంది. బొర్రాలో ఆ పని గోస్తనీ నీళ్ళు చేసినాయి, బెలుంలో మన భూమి కింద పారిన నీళ్ళు చేసినాయి.

ఇంకొక మాట. మన నాపరాయి అసలు యాడిది అనుకుంటున్నారు? సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద అది. యాభై కోట్ల ఏండ్లకు పైమాటే, మన సీమలో చానా భాగం లోతు తక్కువ సముద్రం. ఆ బురద గట్టిపడి రాయయింది, రాయి బండయింది, బండ మీద మీరు కూచుని అన్నం తింటున్నారు. మనకు సముద్రం లేదని ఎవరన్నా అంటే నాకు నవ్వొస్తుంది. నేను నలభై ఏండ్లు సముద్రం అడుగును ముక్కలు కోసి లారీకెత్తి, మళ్ళీ సముద్రం పక్కకే తీసకపోయి పరిచినా.

సరే, ఊరి కథ. డచ్చివాళ్ళు వ్యాపారానికి ఒక కంపెనీ 1602లో పెట్టినారు. వాళ్ళది హాలండు దేశం, మసాలా దినుసుల కోసం ఇండోనేసియా దీవులకు పోయేవాళ్ళు. ఆ దీవులవాళ్ళకు మన తెలుగు నేతగుడ్డ కావాల. గుడ్డ ఇచ్చి మిరియాలు, లవంగాలు తెచ్చుకోవాలంటే, గుడ్డ కొనేదానికి ఈ తీరంలో కొట్లు కావాల. అట్ల పదిహేడో శతాబ్దంలో భీమిలిలో పాగా వేసినారు. బియ్యం కూడా కొనేవాళ్ళు. వాళ్ళ గోరీలు ఇప్పటికీ ఉన్నాయి, సముద్రం పక్కనే. మీరు కచ్చితంగా చూడండి. కొన్ని పిరమిడ్ మాదిరి కోసుగా పైకి లేచి ఉంటాయి. గోరీల మీద పరిచిన రాళ్ళలో చెక్కిన అక్షరాలు వేలితో తడిమి చూసినా నేను. భాష తెలీదు. కానీ చేయి తెలుస్తుంది. ఉలి ఒకే వాలులో పట్టి, ఒకే లోతులో, తొందరపడకుండా చెక్కినాడు ఆ మనిషి. ఉప్పుగాలి మూడొందల ఏండ్లు నాకినా అంచు ఇంకా తగులుతుంది. ఎవరు చెక్కినారో పేరు లేదు, పడుకున్నవాడి పేరే ఉంది.

1824లో ఇంగ్లీషువాళ్ళు, డచ్చివాళ్ళు లండన్‌లో కూచుని ఒప్పందం రాసుకున్నారు. ఇండియాలో ఉన్న డచ్చి స్థలాలన్నీ ఇంగ్లీషువాళ్ళకు, తూర్పు దీవుల పక్క స్థలాలు డచ్చివాళ్ళకు. ఆ లెక్కన మరుసటేడు భీమిలి చేతులు మారింది. ఊర్లో ఉండేవాళ్ళను ఎవరూ అడగలేదు, అది వేరే సంగతి. 1861లోనే మున్సిపాలిటీ అయింది, అంటే 1857 తిరుగుబాటు జరిగి నాలుగేండ్లకే. దేశంలో పాత మున్సిపాలిటీల్లో అదొకటి. ఇప్పుడు విశాఖ కార్పొరేషన్‌లో కలిసిపోయింది. మున్సిపాలిటీ పోయిందని ఆడ ముసలివాళ్ళకు కొంచెం రోషం ఉంది, మాటల్లో తెలుస్తుంది.

ఆ కాలంలో భీమిలి పెద్ద రేవు. రేవంటే మీరు సినిమాల్లో చూసే మాదిరి గోడలు, క్రేన్లు ఏమీ లేవు. ఓడ దూరంగా లోతు నీళ్ళలో నిలబడేది. తీరం నుంచి పడవల్లో మూటలేసుకుని, అలలు దాటించి, ఓడకెక్కించేవాళ్ళు. నూనెగింజలు పోయేవి, గోగునార పోయేది. గోగునారకు పరదేశాల్లో భీమిలి జూటు అనే పేరు పడింది. గోగు అంటే ఏమో తెలుసా? మీ అవ్వ ఎండుమిరపకాయలేసి నూరే గోంగూరకు సొంత అన్నదమ్ముడు. ఆకు పచ్చడికి, కాడ నారకు. భీమిలి పక్కన చిట్టివలసలో జూటు మిల్లు కూడా నడిచింది. ఇప్పుడు మూసేసినారు.

రేవు ఎందుకు పోయింది? రెండు దెబ్బలు. 1890ల్లో మద్రాసు నుంచి కలకత్తా పోయే రైలుదారి విజయనగరం మీదుగా పడింది, భీమిలిని తాకలేదు. రైలు లేని రేవుకు మూటలు ఎవరు మోస్తారు? ఇంక 1933లో విశాఖలో అసలైన హార్బరు తెరిచినారు. కొండ అడ్డంగా ఉండి, ఓడ లోపలికే వచ్చి నిలబడే చోటు అది. దాని ముందు భీమిలి అలల రేవు నిలబడలేకపోయింది. లైటుహౌసు మాత్రం మిగిలింది.

రిసార్టుల సంగతి ఇంక రాయకపోతే పాప ఊరుకోదు. వ్యాపారం పోయిన ఊరికి విశాఖ పెరిగి పెరిగి పక్కకొచ్చింది. సెలవురోజు జనం రావడం మొదలైంది. స్థలాలున్నవాళ్ళు రిసార్టులు కట్టినారు. అట్లాంటి ఒకదాంట్లో, పేరు చెప్పను, నేను వరండా పరిచినా. బండ మనది, సిమెంటు వాళ్ళది, ఇసుక తెచ్చింది కంట్రాక్టరు. నది ఇసుక అని చెప్పినాడు. చేతిలోకి తీసుకుంటే సన్నగా, ఒకే మాదిరి గింజ. నాలుక మీద పెట్టి చూసినా. ఉప్పు. బీచి ఇసుక! "ఇది వద్దు సామీ" అన్నా. "నీ పని నువ్వు చూసుకో" అన్నాడు. కూలి కావాల, చేసినా. ఏడాది తిరిగేలోపల సందుల్లోంచి తెల్లగా ఉప్పు పొంగింది, మన ఊర్లో గోడలకు చౌడు పట్టినట్టు. బండలు డొల్లుపడి టకటకమన్నాయి. మళ్ళీ నన్నే పిలిచినారు, పీకి పరిచేదానికి. తప్పు మేస్త్రిదే అని ఆ కంట్రాక్టరు అందరికీ చెప్పినాడంట. ఈ మాట రాస్తుంటే ఇప్పుడు కూడా నాకు చేయి వణుకుతుంది.

బీచి ఇసుక తియ్యకూడదు అనేది ఒక్క బండల గురించి కాదు. తూర్పు తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ రోజులు దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది, అలలే మోస్తాయి. మధ్యలో అడ్డం కడితే ఒకపక్క గుట్ట పడుతుంది, ఇంకోపక్క తీరం కోసుకపోతుంది. విశాఖ హార్బరు గోడలకు అట్లనే అయితే, పేరుకున్న ఇసుకను తోడి ఉత్తరం పక్క బీచిలో పోస్తారు. అందుకే 1991లో కేంద్ర ప్రభుత్వం తీరానికి రూల్సు పెట్టింది. పెద్ద పోటు వచ్చి తాకే గీత నుంచి 500 మీటర్ల లోపల ఏం కట్టాలన్నా రూలు చూడాల, ఊరు లేని ఖాళీ తీరంలో 200 మీటర్ల లోపల కొత్త కట్టడమే వద్దు. తర్వాత ఆ రూల్సు సడలించుకుంటా వచ్చినారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఆ రూలు ఎందుకో కంటికి కనపడింది. నేను రిపేరు పనికి పోయినప్పుడు రేకులు లేవు, కొబ్బరిచెట్లకు తలలు లేవు.

మీరు చూసే వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఎర్రమట్టి దిబ్బలు, భీమిలికి కొంచెం ముందు వస్తాయి. చూడంగానే మన చెనిక్కాయ చేను గుర్తొస్తుంది, అంత ఎరుపు. వేలల ఏండ్ల కిందట, సముద్రం ఇప్పటికంటే చానా వెనక్కి పోయినప్పుడు, బయటపడిన ఇసుకను గాలి ఎత్తి ఈడ పోసింది. ఇసుక గింజల్లో ఉండే ఇనుము తుప్పుపట్టి ప్రతి గింజకూ ఎర్ర రంగు పూసింది. వాన దాన్ని వంకలు వంకలుగా కోసింది. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దాన్ని కాపాడాల్సిన స్థలంగా ప్రకటించింది. 2025లో యునెస్కో పరిశీలించాల్సిన జాబితాలో మన దేశం దాన్ని చేర్చింది, మన తిరుమల కొండలు కూడా అదే జాబితాలో ఉన్నాయి. పెద్దోడా, గట్ల మీదనుంచి జారొద్దు. నువ్వు ఒకసారి జారితే వాన పదేండ్లకు చేసే పని నీ నిక్కరు చేస్తుంది. సీసాలో మట్టి తేవద్దు కూడా.

సముద్రంలో మోకాళ్ళ వరకే. గోస్తనీ కలిసేచోట అస్సలు దిగొద్దు. నదీ సముద్రమూ తోసుకునే చోట కింద ఇసుక నిలవదు, నీళ్ళు లోపలికి లాగుతాయి. జాలరివాళ్ళు యాడ దిగొద్దంటే ఆడ దిగొద్దు, వాళ్ళకు తెలిసినంత మీ సార్లకు తెలీదు.

ఒక పని చెయ్యండి. లైటుహౌసు దగ్గరి సందులో ఒక టీ అంగడి ఉండేది. ఆ రిసార్టు పని అయినాక మిగిలిన బండలు, ఆ అంగడి అమ్మ అడిగితే, ఊరికే పరిచి ఇచ్చినా. రోజూ మాకు అప్పుకు టీ పోసేది పాపం. మెట్టెక్కంగానే ఎడమపక్క మూడో బండ మీద చెట్టుకొమ్మ మాదిరి నల్లటి గుర్తు ఉంటుంది, రాతిలోనే పుట్టిన గుర్తు, గీసింది కాదు. అంగడి ఉంటే, బండ ఉంటే, ఫోటో తీసి అమ్మ ఫోనుకు పంపండి. చౌడు లేచిందో లేదో నేను చూడాల.

మీ తాత,
తాడిపత్రి